సముద్రం పోత

ఓడ ఎక్కుతున్నానని చెబితే మా వైపు ఎవరూ ఎక్కడికని అడగరు. ఎవరెవరు పోతుండ్రని అడుగుతారు. ఆ ప్రశ్న నా దాకా వచ్చేవరకు నేనూ దాన్ని పట్టించుకోలేదు. పాలు పోసే ఆయన అడిగాడు. పాస్‌పోర్టు విచారణకు ఇంటికొచ్చిన కానిస్టేబులు అడిగాడు. కళ్లద్దాలు మార్పించుకోవడానికి పోతే, అక్షరాలు చదివించడం ఆపి మరీ ఆ దుకాణం అమ్మాయి అడిగింది. "నేనొక్కదాన్నే" అంటే కాసేపు నా ముఖం చూసి, నాకు సరిగా వినబడలేదనుకుని మళ్లీ అడిగేవాళ్లు. ఒక్కదాన్నే అనేది వాళ్ల లెక్కలో జవాబు కాదు.

నేను వనపర్తి సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసేదాన్ని. ఊళ్లో సగం మందికి నేనే వేలు పొడిచాను. ఇప్పటికీ బజార్లో నన్ను చూస్తే పిల్లలు చేతులు వెనక్కి దాచుకుంటారు. వాళ్లను చూసి నవ్వే తల్లులు కూడా ఒకప్పుడు అలా దాచుకున్నవాళ్లే. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు. కథ చెప్పమని ప్రాణం తీసినవాళ్లకు కూడా అదే చెప్పాను, ఎవరూ నమ్మలేదు. రిటైరయ్యాక దవాఖాన పోయింది, నేనూ ఇల్లూ మిగిలాం. పొద్దున లేచి ఎవరితోనూ మాట్లాడకుండా మధ్యాహ్నం వరకు ఉండొచ్చని అప్పుడే తెలిసింది. ఒకోసారి నా గొంతు ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి టీవీలో వార్తలు చదివే ఆమెతో కయ్యం పెట్టుకునేదాన్ని.

అలాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫోన్‌లో ఓడ కనిపించింది. ముంబైలో ఎక్కితే నాలుగు నెలలు సముద్రాల మీద తిప్పి మళ్లీ ముంబైలోనే దించుతారట. అందరూ అనుకున్నట్టు నన్ను లాగింది సముద్రం కాదు. ఆ నాలుగు నెలలు. నన్ను నాలుగు నెలలు ఉంచుకునే ఇల్లు ఈ లోకంలో ఏదీ లేదు. చుట్టాలింటికి పోతే మర్నాడే ఎంతో ప్రేమగా, "మళ్లెప్పుడొస్తవు?" అంటారు. ఓడవాళ్లు అలా అనరు కదా అనిపించింది.

హైదరాబాదులో టికెట్లు చూసే అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. "గదిలో రెండు మంచాలుంటాయి మేడం, ఇంకొకరిని చూసుకోరాదా?" అన్నాడు. చూసుకున్నాను. దవాఖానలో నాతో పాటు పనిచేసిన నర్సమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఫోన్‌లోనే కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఇంకెవరినీ అడగబుద్ధి కాలేదు. రెండో మంచం ఖాళీగానే ప్రయాణం చేస్తుందని ఆ అబ్బాయికి చెప్పేశాను. ఓడ కదలడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ ఏడాదంతా నేను చేసింది ఒకటే పని, పోవడానికి తయారవడం.

మా సందు మొదట్లో ఒక అవ్వ సాయంత్రం పూట పొయ్యి ముట్టించి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పుట్టింది రాయచూరు దిక్కు, పెళ్లయి ఇటు వచ్చింది. ఇన్నేళ్లయినా నోట్లో కన్నడ మాటలు పోలేదు. పెనిమిటి ఎప్పుడో పోయాడు. నా రాత్రి భోజనం చాలా ఏళ్లుగా ఆమె చేతిదే. ఎన్ని కావాలని అడగదు. నేను సందు మలుపులో కనబడగానే రెండు రొట్టెల పిండి విడిగా తీసుకుని చేత్తో తట్టడం మొదలుపెడుతుంది. చిల్లర వదిలేయబోతే వద్దొద్దని, "బ్యాడ బ్యాడ" అంటూ చేతిలో కుక్కుతుంది. మా మధ్య ఇంతకుమించి మాటలుండేవి కావు.

టికెట్టు ఖాయమైన సాయంత్రం ఎవరికైనా చెప్పాలనిపించి ఆమెకే చెప్పాను.

"అవ్వా, నేను సముద్రం పోత."

అవ్వ రొట్టె తిరగేస్తూ, "ఏ సముద్రం? శ్రీరంగాపురమా?" అంది.

మా వనపర్తి దిక్కున సముద్రమంటే చెరువు. పాత రాజులు తవ్వించిన పెద్ద చెరువులన్నింటికీ సముద్రమనే పేరు పెట్టిపోయారు. శ్రీరంగాపురంలో గుడి చుట్టూ ఉన్నది రంగసముద్రం, ఘనపురంలో ఉన్నది గణపసముద్రం. ఉప్పునీళ్ల సముద్రాన్ని అవ్వ ఎన్నడూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆమె అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

"పడవ గిట్ల ఎక్కాల్నని ఉంది" అన్నాను.

"ఎక్కు. దేవుని గూడ చూస్కో" అని రొట్టెలు కాగితంలో చుట్టింది.

అప్పుడే సరిదిద్దాల్సింది. కానీ ఆమె ఎవరెవరని అడగలేదు! శ్రీరంగాపురం పోవడానికి తోడెందుకు, బస్సుంటే చాలు. ఆ ప్రశ్న లేని మనిషి ఊళ్లో ఒక్కతయినా దొరికిందని నా ప్రాణం కుదుటపడింది. అందుకే "ఆ" అని ఊరుకుని రొట్టెలు పట్టుకుని ఇంటికొచ్చాను. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. తర్వాత చెప్పాలంటే మొదటినుంచీ మొదలుపెట్టాలి, ఓడ అనాలి, నాలుగు నెలలనాలి, ఒక్కదాన్నే అనాలి. రోజూ రేపనుకుంటూ నెలలు గడిపాను.

ఏడాదిలో నన్ను బాధపెట్టిన సంగతి ఒకటుంది. అది ఓడ మునుగుతుందేమోనన్న భయం కాదు. నేను నాలుగు నెలలు లేకపోతే ఎవరికి తెలుస్తుందన్నది. పాలాయన పాలు పోయడం మానేస్తాడు, పేపరాయన పేపరు మానేస్తాడు, అంతే. నేను లేనని ఎవరైనా ఒక్క పూట పరేషాన్ అవుతారా? రాత్రి పడుకునేముందు ఒక్కొక్కరినే తలుచుకుని చూసేదాన్ని. ఎవరి ముఖమూ నిలిచేది కాదు. ఆ తలపు పక్కకు నెట్టడానికి పగలంతా తయారీలో పడేదాన్ని.

తయారీ అంటే మామూలుగా లేదు. ఆ ఓడ ఆగే ఊళ్లలో కొన్నింటికి ముందుగా సూది వేయించుకోవాలట. హైదరాబాదు పోయి వేయించుకున్నాను. జీవితమంతా ఊరిని పొడిచినదాన్ని, నా వంతు వచ్చేసరికి ముఖం పక్కకు తిప్పుకున్నాను. సూది వేసిన పిల్ల, "భయమా ఆంటీ?" అంది. ఒళ్లు మండింది. భుజం వాచి రెండు పూటలు చెయ్యి ఎత్తలేకపోయాను. అవ్వ ఎడమచేత్తో డబ్బులివ్వడం చూసి, "చెయ్యికేమైంది?" అంది. "సూది ఏస్కున్న" అన్నాను. "ఏంటికి?" అంటే, "పోయేముందు ఏస్కోవాలంట" అన్నాను. శ్రీరంగాపురం పోనీకి సూదేంటికని అడుగుతుందేమోనని నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాను. ఆమె నా భుజం వంకే చూస్తూ రొట్టెలు చుట్టింది.

బీపీ, షుగరు గోలీలు ఓడలో దొరుకుతాయో లేదోనని అన్ని నెలలకూ ముందే తెచ్చిపెట్టుకున్నాను. వాటిని వసారాలో చాప మీద పరిచి, వారానికో సంచి కట్టుకుంటుంటే అవ్వ వచ్చింది. నేను పొయ్యి దగ్గర మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి. గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిన్ని గోలీలేంది బిడ్డా?"

"ఆడికి పోయినంక దొర్కవు గదవ్వా. అన్నీ ఒక్కకాడ పెట్టుకుంటున్న."

ఆమె గొడుగు గోడకానించి మెల్లగా వెళ్లిపోయింది.

ఓడలో కొన్ని సాయంత్రాలు అందరూ మంచి బట్టలు కట్టుకుని భోజనానికి రావాలని రాసి పంపారు. దానికోసం గద్వాల పోయాను. నాకు నేను పట్టంచు చీర కొనుక్కోవడం అదే మొదటిసారి. దుకాణంలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఎవరికి పెట్టనీకమ్మా?" అన్నాడు షావుకారు. గద్వాల చీర కొనేది ఎవరికో పెట్టడానికే అన్నట్టు.

"నాకే."

"పెండ్లా, గృహప్రవేశమా?"

"భోజనం" అన్నాను.

ఆయన నవ్వాలో వద్దో తెలియక ఇంకో చీర విప్పాడు. పసుపుపచ్చ నూలు మీద ఎర్ర పట్టంచు. అద్దంలో భుజం మీద వేసి చూసుకుంటే బాగుందనడానికి పక్కన ఎవరూ లేరు. నాకు నేనే బాగుందని చెప్పుకుని పొట్లం కట్టించుకున్నాను.

అక్కడిదాకా వచ్చాను కదా అని కృష్ణ ఒడ్డుకు ఆటో కట్టించుకున్నాను. ఓడ ఊగితే నాకు వాంతులవుతాయో లేదో తెలుసుకోవాలి. కిష్టమ్మలో చేపలు పట్టేవాళ్ల పుట్టి ఉంటుంది, బుట్టలా గుండ్రంగా. ఓడ సంగతి చెప్పి, అందులో కూర్చోబెట్టి తిప్పమని ఒకాయనను బతిమాలాను. "ఏమొస్తదమ్మా దీంతోని?" అంటూనే ఆయన తెడ్డు వేశాడు. పుట్టి ముందుకు పోవడం తక్కువ, తనచుట్టూ తాను తిరగడం ఎక్కువ. ఆకాశం, ఒడ్డు, ఆయన గడ్డం, మళ్లీ ఆకాశం. పొద్దున తిన్నదంతా కిష్టమ్మ పాలయింది. దిగేటప్పుడు కాలు జారి నడుం దాకా తడిశాను. "ఓడ గిట్ల తిరగదులే అమ్మా" అని ఆయనే నన్ను ఓదార్చాడు.

బస్సు దిగి సందులోకి వచ్చేసరికి కట్టుకున్న చీర ఒంటిమీదే సగం ఆరి, జుట్టు రేగిపోయి, చేతి సంచిలోంచి కొత్త చీర పట్టంచు కనబడుతూ ఉన్నాను. అవ్వ నన్ను కిందినుంచి మీది దాకా చూసింది.

"నీళ్లల్లకెందుకు దిగినవు?"

"అలవాటు చేస్కుంటున్న అవ్వా" అన్నాను. నాకు నిలబడే ఓపిక లేదు.

ఆ రోజు కాగితంలో మూడు రొట్టెలున్నాయి. పొరపాటున వేసిందనుకున్నాను. కానీ మర్నాడూ మూడే ఉన్నాయి. డబ్బులు మాత్రం రెండింటికే తీసుకుంది. ఆ తర్వాత ఇంకో అలవాటు మొదలుపెట్టింది. పొద్దున్నే మా ఇంటి ముందునుంచి పోతూ, "లేచినవా బిడ్డా?" అని కేకేసేది. నేను పలికేదాకా కదిలేది కాదు. ఒకరోజు స్నానంలో ఉండి పలకకపోతే తలుపు విరిగేటట్టు కొట్టింది. తడి జుట్టుతో బయటికొచ్చి కసురుకున్నాను. ముసలామెకు ఈ మధ్య పొద్దుపోవడం లేదనుకున్నాను, ఇన్నేళ్లూ లేని చనువు ఇప్పుడెందుకని చిరాకు పడ్డాను కూడా.

ప్రయాణం దగ్గరపడ్డాక ఇంటి తాళంచెవి ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. నాకున్నది ఒక్క అన్న, నాగర్‌కర్నూల్‌లో ఉంటాడు. తాళంచెవి పర్సులో వేసుకుని పోయాను. వదిన మంచిగా వండిపెట్టింది. తింటుండగా, "ఎవరెవరు పోతుండ్రు?" అని అడిగింది. చెప్పాను. పెరుగు వడ్డిస్తూ మళ్లీ అడిగింది.

"నాలుగు నెలలు గద అన్నా, తాళంచెవి మీ దగ్గర పెడ్దామని" అన్నాను చేతులు కడుక్కున్నాక.

అన్న తువ్వాలు అందించాడు. "మేమేడ, మీ ఇల్లేడ? ఏదన్న అయితె రానీకి దూరమైతది. మీ వాడకట్టులనే ఎవరికన్న ఇయ్యరాదు?" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. దూరమే. తప్పు పట్టడానికి ఏమీ దొరకనందుకే బస్సులో ఏడుపొచ్చింది. ఒళ్లో వదిన ఇచ్చిన మామిడి తొక్కు సీసా, పర్సులో తాళంచెవి. పోయినదాన్ని పోయినట్టే తిరిగొచ్చాను.

"అన్నను చూసొచ్చినవా?" అంది అవ్వ.

"ఆ. చెప్పొచ్చిన" అన్నాను.

పూలకుండీలు నీళ్లు లేక ఎండిపోతాయని చుట్టుపక్కల వాళ్లకు పంచేశాను. మరువం కుండీ అవ్వకు తీసుకెళ్లి ఇచ్చాను. "నేనుండ గద, నువ్వు పెట్టుకో" అన్నాను. కుండీని తీసుకుంది కానీ పొయ్యి పక్కన ఎక్కడో పెట్టి, దానివైపు చూడకుండానే రొట్టెలు తట్టింది. పెద్దామెకు పూలమొక్క నచ్చలేదేమో అనుకున్నాను.

ఇంకో వారంలో ప్రయాణమనగా నాకొక బుద్ధి పుట్టింది. అవ్వ అనుకున్న సముద్రానికి కూడా ఒకసారి పోయొస్తే ఆమెతో అన్న మాట అబద్ధం కాకుండా పోతుంది కదా అని. కొత్తగా కొన్న నడక చెప్పులు కూడా అలవాటవుతాయి. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. అవ్వ తన గుమ్మం ముందు ఊడుస్తోంది.

"అవ్వా, ఇయ్యాల సముద్రం పోత" అన్నాను.

చీపురు ఆగింది. "ఎప్పుడొస్తవు?"

బస్సు వేళవుతోంది. "దేవుని దయ" అని నవ్వి, చకచకా నడిచిపోయాను.

శ్రీరంగాపురంలో ఆ వేళ జనం లేరు. గుళ్లో దండం పెట్టుకుని, బయటికొచ్చి, నీళ్ల దాకా దిగే మెట్ల మీద కూర్చున్నాను. గాలికి చిన్న అలలు వచ్చి మెట్టుకు తగులుతున్నాయి. చెప్పులు విడిచి, సంచి పక్కన పెట్టి, కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాను. ఇదే ఇంత పెద్దగా ఉంటే అది ఎంత ఉంటుందోనని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నన్ను పిలిచేవాళ్లెవరూ లేరు కదా, లేవడానికి తొందరేముంది?

"ఓ బిడ్డా! ఓ బిడ్డా!"

వెనక్కి తిరిగి చూస్తే గట్టు మీద ఆటో ఆగి ఉంది. అందులోంచి అవ్వ దిగి మెట్ల వైపు పరుగెత్తుకొస్తోంది. కొంగు నేల మీద జీరాడుతోంది, కాళ్లకు చెప్పుల్లేవు. పొద్దున ఊడుస్తున్న చీపురు ఇంకా చంకలోనే ఉంది. పొయ్యి దగ్గరనుంచి బజారుదాకా కూడా పోని మనిషి. నేను లేవకముందే మెట్లు దిగొచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"లె. లె ముందుగాల."

"ఏమైందవ్వా?"

"లెమ్మన్ననా లేదా!"

నన్ను మెట్లన్నీ ఎక్కించేదాకా చెయ్యి వదల్లేదు. పైకొచ్చాక గట్టు మీద కూలబడింది. రొప్పు తీరకముందే తిట్లు మొదలయ్యాయి, తిట్లలోనే ఏడుపు కూడా.

"ఎంత మాట కడుపుల పెట్టుకున్నవే! ముసల్దానికేం తెలుస్తదిలే అనుకున్నవా? గోలీలు జమ చేస్తివి. పట్టుచీర తెచ్చి పెట్టుకుంటివి. అన్నకు చెప్పొస్తివి. చెట్లు పంచితివి, నేనుండ గద అంటివి. ఆ దినం తడిచీరతోని వస్తె ఏందని అడిగితె, అలవాటు చేస్కుంటున్న అంటివి. ఏమలవాటే అది? దినాం పొద్దుగాల నీ గొంతినేదాక నాకు చాయ దిగలే!"

నాకు ముందు నవ్వొచ్చింది. గోలీలు, చీర, కుండీలు, చెరువు, విడిచిన చెప్పులు. అన్నీ వరసగా పెట్టి చూసేసరికి నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ఏడాదిగా నేను ఓడకు తయారవుతుంటే, సందు మొదట్లో ఒక మనిషి నా చావు చూస్తూ కూర్చుంది.

"నేను చావనీకి రాలే అవ్వా" అన్నాను.

"మరి పోత అంటవేందే?" అంది. "మొదటి దినం నుంచి పోత, పోత అనే అంటున్నవు. పోయొస్త అన్నవా? ఒక్కనాడన్న అన్నవా?"

అనలేదు. మా దిక్కున ఉప్పు ప్యాకెట్టు తేవడానికి గుమ్మం దాటినా పోయొస్త అనే అంటారు. ఊరికే పోత అని బయల్దేరేవాళ్లుండరు, అంటే పెద్దవాళ్లు నోరు మూయిస్తారు. చిన్నప్పుడు మా అమ్మ చేత నేనూ తిట్లు తిన్నాను. మరి ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. ఇంట్లో ఎవరైనా ఉంటే కదా చెప్పడానికి. ఇన్నేళ్లూ తలుపుకు తాళం వేసి, తాళాన్ని ఒకసారి లాగి చూసి, నడిచిపోవడమే అలవాటయింది. వస్తానని తాళానికి ఎవరు చెబుతారు?

అవ్వ అనుకున్నది అబద్ధమే. నాకు చావాలని లేదు. కానీ తిరిగొచ్చి ఏం చేస్తావని ఎవరైనా అడిగి ఉంటే, ఆ పొద్దుటిదాకా నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి నాకంటే ముందు ఈమెకు తెలిసింది. గట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, చాలా ఏళ్ల తర్వాత ఎదుటి మనిషి చూస్తుండగా ఏడ్చాను. ఆటో అతను బీడీ ముట్టించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

కళ్లు తుడుచుకున్నాక ఫోన్ తీసి ఓడ బొమ్మ చూపించాను. అసలు సముద్రం సంగతి, నాలుగు నెలల సంగతి, అంతా చెప్పాను. అవ్వ ఫోన్‌ను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. ఎవరెవరని ఇప్పుడు అడుగుతుంది, అడిగితే అడగనీ అనుకున్నాను.

"నాలుగు నెలలా?" అంది. "మరి రొట్టెలెవరు చేస్తరు?"

ఇద్దరం అదే ఆటోలో తిరిగొచ్చాం. దారి పొడుగునా ఆమె ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. పెబ్బేరు దగ్గర చాయ తాగుదామంటే "బ్యాడ, పొయ్యికి కట్టెలు చూసుకోవాలె" అంది.

ఆ వారమంతా అవ్వ సాయంత్రం అమ్మకం బందు పెట్టింది. రొట్టెలకొచ్చినవాళ్లు పొయ్యి మండుతూనే ఉండడం చూసి, పెట్టమని అడిగి తిట్లు తిని పోయారు. ఆమె పుట్టింటి దిక్కున ఖడక్ రొట్టె చేస్తారు. పల్చగా తట్టి, తడి అనేది లేకుండా పెళపెళలాడేదాకా కాలుస్తారు. నెలలు గడిచినా చెడిపోవు. దూరం వలస పోయేవాళ్లకు కట్టిస్తారట. బయల్దేరే పొద్దున తెల్లబట్టలో ఒక పెద్ద మూట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఓడల తిండి పెడ్తరవ్వా. మస్తు పెడ్తరంట."

"పెట్టనీ. అది మంది తిండి. ఇది నీది" అంది.

ఓడ ఎక్కించేవాళ్లు దాన్ని లోపలికి రానిస్తారో లేదో నాకు తెలియదు. పెట్టెలోంచి రెండు చీరలు, ఒక జత బూట్లు తీసేసి మూటకు చోటు చేశాను. మూట పైన మామిడి తొక్కు సీసా పెట్టాను. గద్వాల చీర మాత్రం ఉంచుకున్నాను. తాళం వేసి, తాళంచెవి అవ్వ చేతికిచ్చాను. పోగొడతానేమోనని మొదట తీసుకోలేదు. తర్వాత కొంగు చివర ముడేసుకుని, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

బస్టాండుకు వద్దన్నా వచ్చింది. హైదరాబాదు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అవ్వ కిటికీ కింద నిలబడి తల పైకెత్తి చూస్తోంది. ఏమంటానో వినడానికే నిలబడిందని నాకు తెలుసు. చిన్న మాటే, కానీ ఎన్నో ఏళ్లుగా వాడని మాట. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. డ్రైవరు బండి చాలు చేశాడు. కండక్టరు రైట్ అన్నాడు.

"పోయొస్త అవ్వా" అన్నాను. గట్టిగా అన్నట్టున్నాను, ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"ఆ. పోయిరా" అంది అవ్వ, బస్సు వెంట నాలుగడుగులు నడుస్తూ. "వచ్చే దినం జర ముందుగాల చెప్పు. జొన్నలు పట్టియ్యాలె."